సోమశిల గేట్లు ఎత్తే మాట ఢిల్లీ చెప్పాలా, విజయవాడ చెప్పాలా?

పెన్నగట్టు:
అల్పపీడనం అనంగానే కోవూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు అందరి చూపూ పెన్న మీదున్న సోమశిల జలాశయం మీదే. వాన పడుద్దని చెప్పేది కేంద్రం వాతావరణ శాఖ. ఏటికి ఎంత నీళ్లొస్తాయో చెప్పేది కేంద్ర జల సంఘం. అంతా మునిగినాక కార్లేసుకుని వచ్చి చూసిపోయేది కేంద్ర బృందం. మధ్యలో గేటు ఎత్తే పని మాత్రం రాష్ట్రానిది. 2021 నవంబర్లో సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కుల పైన వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. ముందే ఒక పది టీఎంసీలు ఖాళీ పెట్టుకోనుంటే ఇంత జరిగేదా? ఖాళీ పెట్టమని ఢిల్లీ ఎందుకు ఆర్డర్ వెయ్యదు? మొత్తం కేంద్రం చేతిలో పెడితే పోలా?

జలలెక్క:
ఆర్డర్ వేసే అధికారం లేదు, అందుకు. నీళ్లు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితా, 17వ అంశం. కేంద్ర జాబితా 56వ అంశం అంతర్రాష్ట్ర నదుల గురించి, అదీ పార్లమెంటు చట్టం చేసినంత మేరకే. 1956లో నదీ బోర్డుల చట్టమని ఒకటి చేశారు. దాని కింద ఇంతవరకు ఒక్క బోర్డు కూడా పెట్టలేదు. జల సంఘం అంచనా చెప్తుంది, సలహా ఇస్తుంది, అంతే. గేటు మాట ప్రాజెక్టు ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు), చీఫ్ ఇంజనీరు, కలెక్టరు వీళ్ల మధ్యే తేలాలి.

ఉలవపాడు_మామిడి:
మరి కృష్ణా బోర్డు ఏందయ్యా? అది కేంద్రానిదే గదా

జలలెక్క:
అది 2014 విభజన చట్టం, 85వ సెక్షన్ కింద వచ్చింది. కృష్ణా మీద రెండు రాష్ట్రాల వాటాల తగువు చూసేదానికి. సోమశిల పెన్న మీద ఉంది కాబట్టి దానికి సంబంధం లేదు.

ఒంగోలు_గిత్త:
"కేంద్రం చేతిలో పెడితే పోలా" అన్నాయనకి. తుంగభద్ర బోర్డుకి చైర్మన్‌ని వేసేది కేంద్రమే. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. గొలుసుకి ఢిల్లీ ఏదో విజయవాడ ఏదో తెలవదు, తుప్పొకటే తెలుసు.

మైపాడు_కెరటం:
టీవీలో కూడా చెప్పారుగా, పెన్నార్ మీద ట్రిబ్యునల్ వెయ్యమని సుప్రీంకోర్టులో కేసు పడిందని. అది తేలితే కేంద్రమే వచ్చి కూర్చుంటాది

జలలెక్క:
ఆ పెన్నార్ మనది కాదు సామీ. అది దక్షిణ పినాకిని, తమిళనాడులో పొన్నైయార్ అంటారు. తగువు తమిళనాడుకీ కర్ణాటకకీ. మనది ఉత్తర పినాకిని. రెండూ నంది కొండల దగ్గరే పుట్టి చెరోదారి పట్టినాయి.

ఒంగోలు_గిత్త:
ఇదీ మా "ప్రకాశం బ్యారేజీ" బాధ లాంటిదే. 2024 సెప్టెంబరులో బెజవాడ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోతుంటే ప్రకాశం జిల్లా వాళ్లందరికీ చుట్టాలు ఫోన్లు చేసి "మునిగారా" అని అడగటమే. గుండ్లకమ్మ ఆ నీళ్లలో పదో వంతు చూస్తే పండగ.

లెక్కలపలక:
అసలు ప్రశ్నకి వద్దాం. పది టీఎంసీలు ఖాళీ పెడితే ఏం ఒరుగుద్దో చేత్తో కట్టి చూపిస్తా.
ఒక టీఎంసీ అంటే 11,574 క్యూసెక్కులు ఇరవైనాలుగు గంటలు పారటం. లక్ష క్యూసెక్కులు ఒక రోజు పారితే 8.64 టీఎంసీలు. 5 లక్షలైతే రోజుకి 43 టీఎంసీలు. సోమశిల మొత్తం కలిపి 78.
అంటే పై నుంచి 5 లక్షలు వస్తుంటే, కిందికి 3 లక్షలే వదలాలనుకుంటే రోజుకి 17.28 టీఎంసీల చోటు కావాలి. మీ పది టీఎంసీలు 14 గంటల్లో నిండిపోతాయి. ఆ తర్వాత ఎంతొస్తే అంత వదలాల్సిందే.
ఆ 14 గంటలు పనికిరావని కాదు. చెయ్యేటి వరద, పాపాఘ్ని వరద, కుందూ వరద మూడూ ఒకేసారి వచ్చి పడకుండా ఆ శిఖరాన్ని కొంచెం చదును చేసేదానికి అది చాలా ఎక్కువ. కానీ "వరదే రాకుండా పోయేది" అనుకోవటం తప్పు.

పెన్నగట్టు:
14 గంటలు చాలు సామీ. రాత్రి రెండింటికి రావాల్సిన నీళ్లు మర్నాడు సాయంత్రానికి వస్తే గొడ్డూగోదా గట్టెక్కుతాయి

కోవూరు_కారు:
ఆ పది టీఎంసీలు ఎవరి నోటికాడివో కూడా చెప్పండి. టీఎంసీకి పది వేల ఎకరాలని వాడుక లెక్క, వరికైతే ఇంకా తక్కువే. వాయుగుండం దిశ మార్చుకుని ఒంగోలుకో చెన్నైకో పోతే ఆ నీళ్లు సముద్రంలో కలిసినట్టే, ఎడగారు, అంటే రెండో పంట, పోయినట్టే. అప్పుడు ఇదే చర్చలో "ఎవడు వదలమన్నాడు" అని పెన్నగట్టే అడగతాడు :)

లెక్కలపలక:
కోవూరు_కారు చెప్పింది నిజం. ఇంకోటి. మూడు రోజుల్లో పది టీఎంసీలు ఖాళీ చెయ్యాలంటే వచ్చే నీళ్లు కాక అదనంగా రోజంతా 38,600 క్యూసెక్కులు వదలాలి. వాయుగుండం ఎక్కడ తీరం దాటుద్దో మూడు రోజుల ముందు చెప్పేదాంట్లో తేడా వంద కిలోమీటర్ల దాకా కూడా ఉండొచ్చు. ఆ వంద కిలోమీటర్ల తేడాలో వాన సోమశిల పైన పడుద్దా, కింద పడుద్దా అనేదే మారిపోతుంది. అందుకే ఏ ఇంజనీరూ సంతకం పెట్టడు.

జలలెక్క:
అసలు చిక్కు మూడు రోజుల్లో లేదు, క్యాలెండర్లో ఉంది. దేశంలో ఎక్కువ జలాశయాలకి వరద అంటే నైరుతి. జూన్ నుంచి నింపుకుంటా వచ్చి సెప్టెంబరాఖరికి, అక్టోబరుకి నిండుగా పెట్టుకోవటమే వాళ్ల పద్ధతి. మనకి అసలు వరద అప్పుడే మొదలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం. శ్రీశైలం నిండి పోతిరెడ్డిపాడు, బానకచెర్ల మీదగా కృష్ణా నీళ్లు ఆగస్టు, సెప్టెంబరుల్లో వస్తాయి. సోమశిల, కండలేరు నింపేస్తారు. నింపాలి కూడా, చెన్నైకి తెలుగుగంగ 15 టీఎంసీల ఒప్పందం ఉంది, నష్టాలు పోను సరిహద్దు దగ్గర 12 ఇవ్వాలి. అలా నిండు కుండ మీద నవంబరు వాయుగుండం వచ్చి పడుద్ది.
జల సంఘానికి ఈ సంగతి తెలియక కాదు. చాలా నదులకి వాళ్ల వరద అంచనా అక్టోబరు 31తో ఆగిపోద్ది, పెన్నకీ కావేరికీ డిసెంబరు 31 దాకా నడుపుతారు. అంచనాకి తేదీ మార్చారు, జలాశయం నింపే పట్టికకి మాత్రం అంత పట్టుగా మార్చలేదు. పెట్టాల్సిన అర్జీ ఏదైనా ఉంటే ఇదే: నవంబరు 1కి ఇంత, 15కి ఇంత, డిసెంబరు 15 తర్వాత నిండుగా, అని రాసి బయటపెట్టిన పట్టిక కావాలి. పట్టిక ఉంటే వాయుగుండం వచ్చినప్పుడు ఎవరూ ధైర్యం చెయ్యనక్కర్లా, పట్టిక చూసి గేటు ఎత్తటమే.

కందలేరు_కాలవ:
గోదావరి కావేరి అనుసంధానం వస్తే ఇంకా ముదురుద్ది. అందులో నాగార్జునసాగర్ సోమశిల లింకు, అక్కణ్ణుంచి కావేరికి లింకు. ఆ నీళ్లు వచ్చేది కూడా నైరుతి వరదలోనే. సోమశిల ఇంకా ముందే నిండుద్ది.

మైపాడు_కెరటం:
నీళ్లు రాక ఏడుపు, వస్తే ఏడుపు. మా నెల్లూరోళ్లం కదా

సంగం_మలుపు:
అందరూ సోమశిల, సోమశిల అంటా ఉండారు. సోమశిల కింద ఏముందో ఎవరూ చూడటం లేదు. బొగ్గేరు, బీరాపేరు సంగం దగ్గర పెన్నలో కలుస్తాయి. వాటి మీద సోమశిల లాంటి గేట్లేమీ లేవు. ఆత్మకూరు, ఉదయగిరి వైపు రాత్రి గట్టిగా కొడితే సోమశిల నుంచి చుక్క వదలకపోయినా నెల్లూరు బ్యారేజీ దగ్గర నీటిమట్టం లేస్తుంది. జల సంఘం సైటులో సోమశిల లెక్క చూసి "తక్కువే ఉంది" అని పడుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాల. సోమశిల అంచనా అంటే జలాశయంలోకి వచ్చే నీళ్ల అంచనా, కిందికి పోయేది కాదు. నెల్లూరు అంచనా అంటే మట్టం, మీటర్లలో. రెండూ వేరు.

పెన్నగట్టు:
ఆ సైటు చూడటం ఎట్లానో ఎవరైనా విడమరిచి చెప్పండయ్యా. రంగులు కనపడతా ఉంటాయి గానీ

సంగం_మలుపు:
మట్టం చూపే స్టేషనుకి రెండు గీతలు ఉంటాయి, హెచ్చరిక మట్టం, ప్రమాద మట్టం. హెచ్చరిక దాటితే పసుపు. ప్రమాద మట్టం దాటితే నారింజ. ఇంతకు ముందు ఎప్పుడూ చూడనంత, అంటే రికార్డు మట్టం దాటితే ఎరుపు. నారింజ చూసి "ఇంకా ఎరుపు రాలేదులే" అని కూర్చుంటారు చాలామంది, అదే తప్పు. నారింజకే లోతట్టు ఊళ్లలోకి నీళ్లు వచ్చేసుంటాయి.
రంగు కన్నా ముందు చూడాల్సింది పక్కన బాణం. లేస్తోందా, నిలకడా, తగ్గుతోందా. గంటగంటకీ రీడింగు ఉంటది. మూడు రీడింగులు కాయితం మీద రాసుకోండి. గంటకి 10 సెంటీమీటర్లు లేస్తా ఉంటే ఒక మీటరుకి పది గంటలు. 30 లేస్తా ఉంటే మూడు గంటలు. దాన్ని బట్టి సర్దుకోవటమే.

ఉలవపాడు_మామిడి:
ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్ ఉంది, 2023 ఆగస్టులో పెట్టారు. అందులో కూడా ఇదే వస్తాది. మొదలుపెట్టినప్పుడు ఇంగ్లీషు, హిందీ మాత్రమే. విడవలూరులో గేదెల్ని తోలుకుపోయే ముసలాయనకి హిందీలో చెప్తే ఏం చేసుకుంటాడు

జలలెక్క:
తెలుగు మెసేజీ కావాలంటే జాతీయ విపత్తు సంస్థ వాళ్ల సచేత్ చూడండి. ఏ టవరు కింద ఫోనుంటే ఆ ప్రాంతం హెచ్చరిక, ప్రాంతీయ భాషల్లో వస్తుంది. జిల్లా కంట్రోల్ రూము 1077, రాష్ట్రానిది 1070. 1077కి చేసినప్పుడు "వరద ఎంత" అని అడగొద్దు. "సోమశిల నుంచి ఇప్పుడు వదిలేదెంత, సంగం దగ్గర ఎంత, నెల్లూరు బ్యారేజీ దగ్గర ఎంత" అని మూడూ విడిగా అడగండి.

లెక్కలపలక:
మట్టం గురించి ఒక మెలిక. పాత వరదలో ఇన్ని మీటర్లకి ఇన్ని క్యూసెక్కులు అని గుర్తు పెట్టుకుంటారు పెద్దోళ్లు. ఏట్లో ఇసుక తవ్వి అడుగు దిగిపోతే అదే నీటికి మట్టం తక్కువ చూపిస్తుంది. ఇంకోచోట చిల్లచెట్లు పెరిగి ఏరు ఇరుకైతే అదే నీటికి మట్టం ఎక్కువ చూపిస్తుంది. కొత్తగా కొలిచిన పట్టిక లేకుండా పాత జ్ఞాపకంతో పోల్చకూడదు. గోదావరికి ధవళేశ్వరం దగ్గర 10, 13, 17 లక్షలని మూడు హెచ్చరికలు ఊరందరికీ నోటికొచ్చు. పెన్నకి అట్లా జనం నోట్లో నానిన అంకె ఒక్కటీ లేదు.

మైపాడు_కెరటం:
మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, దాని సంగతి కూడా చెప్పండి. ఊటుకూరు దగ్గర మొగలో ఇసుక దిబ్బ వేసుకుంటే పై నుంచి వచ్చేది దిగదు. తుఫానప్పుడు సముద్రం పోటు మీద ఉంటది, ఏటి నీళ్లని వెనక్కి నెడతది. పోటు తీసేదాకా లోపల ఊళ్లలో నీళ్లు కదలవు. పౌర్ణమి, అమావాస్యలకి దగ్గర్లో వాయుగుండం వస్తే ఇంకా చెడ్డ.

ఒంగోలు_గిత్త:
మా వైపు గేట్ల గురించి. గుండ్లకమ్మ మల్లవరం రిజర్వాయరు 3.859 టీఎంసీలు, 15 గేట్లు. 2022 ఆగస్టు చివర్లో ఒక గేటు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను పోయిన రెండు మూడు రోజులకి ఇంకోటి కొట్టుకుపోయినాయి. వరద అంచనా ఢిల్లీ నుంచి ఎంత బాగా వచ్చినా గేటే లేకపోతే ఏం పట్టుకుంటావు?

గేటుగ్రీజు:
గేట్లు పోయేది వరదకి కాదు, ఎండాకాలానికి. అప్పుడు చూడకపోవటానికి.
రేడియల్ గేటైతే రెండు చేతులు వెనక్కి వచ్చి ట్రనియన్ పిన్ను మీద తిరుగుతాయి. అక్కడ గ్రీజు గట్టిపడితే రాపిడి పెరుగుద్ది, మోటారు లాగేకొద్దీ చేతులు వంగుతాయి. బయటికి ఏమీ కనపడదు. అడ్డ గర్డర్లకి నీళ్లు కారిపోయేదానికి బెజ్జాలు ఉంటాయి, నాచు, చెత్త పట్టి మూసుకుపోతే ఏడాది పొడుగునా గర్డరు నీళ్లలో నానతది. పైన రంగు మెరుస్తా ఉంటది, కింద రేకు పొరలు పొరలుగా ఊడిపోతా ఉంటది. సుత్తితో కొట్టి చూడాలి. ఖంగుమంటే బాగున్నట్టు, బద్దగా మోగితే తుప్పు.
వైరు రోపు మీద గుడ్డ వేసి లాగితే ఎక్కడ పోగు తెగిందో అక్కడ గుడ్డ పట్టుకుంటది. చేత్తో మాత్రం లాగొద్దు, సూదుల్లా దిగతాయి. డీజిలు జనరేటరు ఊరికే స్టార్ట్ చేసి ఆపటం పరీక్ష కాదు, గేటు లోడు మీద పెట్టి అడుగు ఎత్తి దించాలి. కరెంటు పోయేది వాన రాత్రే.
స్టాప్‌లాగ్‌లు, అంటే గేటు పాడైతే దాని బదులు దించే పలకలు, గోడౌన్లో పడుంటాయి. గాడిలో రాయి, మట్టి ఉంటే కూర్చోవు. అవి ఆగిన నీళ్లలో దించేదానికి చేసినవి, పారే నీళ్లలో కాదు. తుంగభద్రలో పారే నీళ్లలో దించారు కాబట్టే అంత పేరొచ్చింది.

జలలెక్క:
గేటుగ్రీజు చెప్పినవి ఇప్పుడు చట్టంలో ఉన్నాయి. 2021 డిసెంబరు డ్యామ్ భద్రత చట్టం. 15 మీటర్ల పైన ఎత్తున్న ప్రతి డ్యామూ దాని కిందికి వస్తుంది, 10 నుంచి 15 మీటర్లవి కొన్ని షరతులకి లోబడి. వానాకాలం ముందోసారి, తర్వాతోసారి తనిఖీ తప్పనిసరి. అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలి, అందులో డ్యామ్ తెగితే ఏ ఊరు మునుగుద్దో మ్యాపు ఉండాలి. ఢిల్లీకి నిజంగా కర్ర చేతికిచ్చిన చోటు ఇదొక్కటే, జాతీయ డ్యామ్ భద్రత అథారిటీ. చట్టం వచ్చింది కూడా చెయ్యేటి మీదున్న అన్నమయ్య డ్యామ్ తెగిన నెలకి. నవంబరు 19న అది తెగింది, ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి షెకావత్ రాజ్యసభలోనే చెప్పారు. చెయ్యేరు నీళ్లు చివరికి వచ్చేది సోమశిలకే.

పెన్నగట్టు:
ఆ మ్యాపు మా పంచాయతీలో ఎవరన్నా చూశారా?

గేటుగ్రీజు:
అడిగితే గదా. విపత్తు నిర్వహణ చట్టం 2005 ప్రకారం జిల్లాకో ప్రణాళిక ఉండాలి, కలెక్టరే జిల్లా సంస్థకి అధ్యక్షుడు, జడ్పీ చైర్మన్ సహ అధ్యక్షుడు. సోమవారం కలెక్టరు ఆఫీసులో ఇచ్చే అర్జీలో జిల్లా ప్రణాళిక కాపీ, సోమశిల ముంపు మ్యాపు రెండూ కావాలని రాయండి.

కోవూరు_కారు:
కేంద్రం అంటే జలశక్తి శాఖ ఒక్కటే అనుకుంటా ఉండారు అందరూ. రైల్వే కేంద్రం కాదా? హైవే కేంద్రం కాదా? పడుగుపాడు దగ్గర ఏటికి అడ్డంగా రెండు కట్టలు, ఒకటి పట్టాలకి, ఒకటి రోడ్డుకి. వాటి కింద తూములు చాలకపోతే పైన నీళ్లు నిలబడతాయి, ఊళ్లు మునుగుతాయి, ఆఖరికి కట్టే తెగుద్ది. హైవే వెడల్పు చేసేప్పుడు పాత తూములే సాగదీసి వదిలేస్తారు. రాష్ట్రం గేట్లెత్తటం గురించి మాట్లాడే ముందు కేంద్రం తన తూములు చూసుకోవాల.

లెక్కలపలక:
"వందేళ్లకోసారి వచ్చే వరద"కి కట్టామంటారు కదా. అలాంటి వరద 30 ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26. నాలుగింట ఒకటి. వందేళ్లు ఆగి రాదు.

సంగం_మలుపు:
పొర్లుకట్ట (ఏటి కరకట్ట) కాపలాకి పోయేవాళ్లకి ఒక మాట, వాన ముదరకముందే చదువుకోండి. కట్టకి అవతల, ఊరి వైపు మొదట్లో నేల బుడబుడమని ఊట వస్తే ఆ నీళ్లు చేతిలోకి తీసుకుని చూడండి. తేటగా ఉంటే మనిషిని కాపలా పెట్టి గంటగంటకీ చూస్తే చాలు. బురదగా, సన్న ఇసుక తెస్తా ఉంటే కట్ట లోపల గొట్టం పడతా ఉన్నట్టు.
అప్పుడు అందరూ చేసే తప్పు, దాని మీద బస్తాలు కుప్పేసి నోరు మూసెయ్యటం. మూస్తే పక్కన ఇంకోచోట పుడతది. చుట్టూ బావి గట్టులా బస్తాల వలయం కట్టాలి, ఊట లోపల నీళ్లు నిలిచి పైకి లేచేటట్టు. లోపలి నీళ్ల బరువే ఊటని అదుముద్ది. నీళ్లు తేటపడే ఎత్తుకి వచ్చినాక అక్కడ ఒక వారకి తూము లాగా వదిలి, కారనియ్యాలి.
బస్తా నిండా నింపొద్దు, సగానికి కొంచెం పైన చాలు. మూతి మడిచి కిందికి పెట్టి, ఇటుక వరసలాగా అతుకు మీద అతుకు రాకుండా పేర్చి, ప్రతి వరసా తొక్కాలి. ఖాళీ సిమెంటు సంచులు నున్నగా ఉంటాయి, జారతాయి, గోనె దొరికితే గోనె వాడండి. అడుగు వెడల్పు ఎత్తుకి మూడింతలు.

ఒంగోలు_గిత్త:
ఎలకలు, పందికొక్కుల బొరియలు కూడా వాన ముందే చూసి బంకమన్ను కూరండి. వరదొచ్చినాక కనపడవు

ఉలవపాడు_మామిడి:
అంతా అయినాక కేంద్ర బృందం వస్తాది, చూస్తాది, పోతాది. డబ్బు ఎప్పుడొస్తాదో ఎవరూ చెప్పరు. అదెట్లా పనిచేస్తాదో తెలిసినోళ్లు చెప్పండి

జలలెక్క:
మొదటి డబ్బు వాళ్లు తెచ్చేది కాదు, రాష్ట్ర విపత్తు నిధిలో ముందే ఉంటది. అందులో కేంద్రం వాటా 75, రాష్ట్రం 25. అది చాలదని రాష్ట్రం వినతి రాస్తే అప్పుడు మంత్రిత్వ శాఖల బృందం వస్తుంది. వరదకైతే హోం శాఖ, కరువుకైతే వ్యవసాయ శాఖ. నివేదిక ఉపసంఘానికి, అక్కణ్ణుంచి హోం మంత్రి కమిటీకి. రాష్ట్ర నిధిలో మిగులుంటే అందులో సగం తీసేసి మిగతాది ఇస్తారు. అందుకే పేపర్లో అడిగింది ఇంత, ఇచ్చింది ఇంత అని అంత తేడా.
2022-26 నిబంధనల్లో పంట నష్టం 33 శాతం దాటితేనే. నీటిపారుదల భూమికి హెక్టారుకి 17,000, అంటే ఎకరాకి సుమారు 6,880, రెండు హెక్టార్ల వరకు. పొలంలో ఇసుక మేట మూడంగుళాలు దాటితే తీసేదానికి హెక్టారుకి 18,000. ఏరు దారి మార్చి భూమే కోసుకుపోతే 47,000, చిన్న సన్నకారు రైతులకి. పైన రాష్ట్రం కలిపితే కలుపుద్ది.

కోవూరు_కారు:
మా దగ్గర నాట్లు పడేది నవంబరులోనే. నారుమడి మునిగినా, నాటిన పదిరోజులకి మునిగినా 33 శాతం ఎట్లా కొలుస్తారు? ఈ-క్రాప్‌లో పంట నమోదు కూడా అప్పటికి కాదు. ఇదీ నైరుతి లెక్కే. ఆగస్టులో చేలో నిలబడి ఉండే పైరుకి రాసుకున్న నిబంధన.

గేటుగ్రీజు:
ఇసుక మేట వేసిన వాళ్లు తియ్యకముందు ఫొటో తియ్యండి. స్కేలు గుచ్చి, అంగుళాలు కనపడేటట్టు, వెనక గట్టో, కరెంటు స్తంభమో పడేటట్టు. తీసేసినాక మూడంగుళాలు ఉందని ఎవడు నమ్ముతాడు

మైపాడు_కెరటం:
నది ఒడ్డున ఇళ్లు కట్టుకోనిచ్చి తర్వాత బస్తాలు పేర్చటం ఏందో. అసలు కట్టనియ్యకూడదని చట్టం లేదా?

జలలెక్క:
1975లోనే కేంద్రం నమూనా బిల్లు పంపింది, వరద మైదానాల మండలీకరణ అని. ఏటికి దగ్గర పట్టీలో ఏమీ కట్టనివ్వరు, దాని బయటి పట్టీలో పార్కులు, ఆటస్థలాలు లాంటివి, ఇంకా బయట ఎత్తు పీఠం మీద ఇళ్లు. మణిపూర్, రాజస్థాన్ లాంటి కొన్ని రాష్ట్రాలు చట్టం చేశాయి. మన దగ్గర కాలేదు. ఇందులో ఢిల్లీని తిట్టేదానికి ఏమీ లేదు, యాభై ఏళ్లయింది కాయితం పంపి.

పెన్నగట్టు:
సరే. సోమవారం అర్జీలో రాసేది: నవంబరు, డిసెంబరు నెలలకి సోమశిల నీటిమట్టం పట్టిక. ముంపు మ్యాపు. పడుగుపాడు తూముల కొలతలు, రైల్వేదీ హైవేదీ విడివిడిగా. ఇంకేమన్నా ఉందా?

సంగం_మలుపు:
బొగ్గేరు మీద నీటిమట్టం కొలిచే గేజి. అది రాయకపోతే మిగతావి రాసీ దండగ.

కోవూరు_కారు:
పట్టిక అడిగేప్పుడు ఎడగారుకి ఎంత మిగలాల్నో అదీ రాయి. లేకపోతే నేను పోటీ అర్జీ పెడతా

ఒంగోలు_గిత్త:
సోమవారం అల్పపీడనం ఉంటే కలెక్టరు ఆఫీసులో అర్జీలు తీసుకోరు, టెలీకాన్ఫరెన్సుల్లో ఉంటారు. మంగళవారం పోండి